గాజులో పట్టని బంతి

"బాపూ, గా బంతులు అంటుకుంటయట గద. ఇల్లు గాలితే ఎట్ల?"

నేనీ మాట అన్నప్పుడు మా ఇంట్లో ఇంకా పొయ్యి కూడా వెలిగించలేదు. ముందురోజు మా ఆయన ఫోనులో వచ్చిన వీడియోలో ఎవరో పాత పింగ్‌పాంగ్ బంతికి అగ్గిపుల్ల చూపించారు. బంతి భగ్గుమంది. అచ్చం అలాంటివే మా బాపు మంచం కింద కట్టెపెట్టె నిండా ఉన్నాయి. ఇక నాకు నిద్రెక్కడిది?

"ఇరువై ఐదేండ్ల సంది కాలనియి, ఇయ్యాల గాలుతయా?" అన్నాడు బాపు, పళ్ళు తోముకుంటూ.

"ఇయ్యాల కాలయని ఎవలన్న రాసిచ్చినరా?"

"తే కాయితం, నేను రాసిస్త."

నేను పెట్టెను పొయ్యికి దూరంగా జరిపి, పక్కన బకెట్ నిండా నీళ్ళు పెట్టాను. సాయంత్రానికి మా బిడ్డ రూప ఆ నీళ్ళతో కాళ్ళు కడుక్కుంది. మళ్ళీ నింపాను. ఆరునెలలుగా ఆ బకెట్ అక్కడే ఉంది.

మాది కేసముద్రం. నేను గాజులు అమ్ముతాను. సంత ఉన్న రోజు సంతలో, లేని రోజు ఊళ్ళ వెంట. మా ఆయన సంపత్ మార్కెట్ యార్డులో హమాలీ. నన్ను కన్న మా బాపు ఆగయ్య భూపాలపల్లి బొగ్గు గనిలో చేసి, రిటైరయ్యాక మా దగ్గరికి వచ్చాడు. వచ్చేటప్పుడు బట్టల సంచి కాక రెండే వస్తువులు తెచ్చుకున్నాడు. ఒకటి రబ్బరు అంచులు లేచిపోయిన బ్యాటు. రెండోది ఆ కట్టెపెట్టె. గని దగ్గరి క్లబ్బులో ఒకప్పుడు ఆయన ఆటకు ఎదురు లేదట. ఆయన సర్వీసును 'పాము సర్వీసు' అనేవాళ్ళట. బంతి బల్ల మీద పడ్డాక పడగ తిప్పినట్టు పక్కకు తిరిగేదట. అంతటివాడు ఎందుకు మానేశాడో మాత్రం ఎన్నిసార్లు అడిగినా చెప్పేవాడు కాదు. "మోకాళ్ళు" అనేవాడు.

మోకాళ్ళ నొప్పి మనవరాలికి ఆట నేర్పడానికి అడ్డం రాలేదు. యార్డు వెనక రేకుల షెడ్డులో రెండు పాత తలుపులు కలిపి బల్ల చేశాడు. మధ్యలో నా పాత చీర అంచు కట్టి నెట్ చేశాడు. రూపకు అప్పుడు పదకొండేళ్ళు. ఇప్పుడు పదమూడు. రోజూ బడి నుంచి వచ్చి తాత ముందు నిలబడేది. బంతి సొట్టపోతే తాత వేడినీళ్ళలో వేసేవాడు. సొట్ట లేచి మళ్ళీ గుండ్రంగా అయ్యేది. "బాపూ, మసిలే నీళ్ళు, పిల్ల మీద పడితే ఎట్ల?" అంటూ నేను ఆ గిన్నె చుట్టూ తిరిగేదాన్ని.

ఆట చూడడం మాత్రం నాకు బాగుండేది. ఎందుకంటే ఆ చిన్న బంతి ఎంత వేగంగా పోయేదంటే, భయపడడానికి సమయం చిక్కేది కాదు. రూప సర్వీసు వేస్తుంది, బంతి పడగ తిప్పుతుంది, అవతలి వాళ్ళ బ్యాటు గాలిలో ఊగుతుంది. అంతే, పాయింటు అయిపోయేది. బడిలో ఆటల సారు సురేందర్ ఒకరోజు షెడ్డుకు వచ్చి రూపతో ఆడాడు. పది సర్వీసుల్లో ఏడు ఆయనకు దొరకలేదు. చెమట తుడుచుకుని, "విజయక్కా, గీ పిల్ల పేరు నేను జనగామకు పంపుతున్న" అన్నాడు. జనగామలో ఎనిమిది మంది ఆడపిల్లలు ఆడతారు. అందులో నలుగురిని తీస్తారు. ఆ నలుగురు పదిహేను రోజుల తర్వాత భూపాలపల్లిలో ఆడితే, ఇద్దరు ఉమ్మడి జిల్లా జట్టులోకి వెళ్తారు.

రూప ఎగిరి గంతేసింది. బాపు ముఖంలో మాత్రం రంగు మారింది.

"నువ్వు గూడ రా తాతా!"

"నేను రాను బిడ్డా. మోకాళ్ళు."

అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. కానీ నేను వేరే భయాల్లో ఉన్నాను. రైలు తప్పిపోతే? పిల్లకు తిన్నది పడకపోతే? రూప బ్యాటు విరిగితే? చివరి భయానికి మాత్రం మందు దొరికింది. బాపు పాత బ్యాటును చెప్పకుండా నా గాజుల మూటలో పెట్టుకున్నాను. మూట ఎందుకంటే, జనగామ దాకా పోయి ఖాళీ చేతులతో రావడం నాకు చేతకాదు. ఆట అయ్యాక నాలుగు ఇళ్ళు తిరగవచ్చు.

జనగామలో హాలు పెద్దది. నిజమైన నీలం బల్లలు చూసి రూప కళ్ళు మెరిశాయి. మొదటి ఆటలో సర్వీసు వేసింది. బంతి తిరిగింది. తిరిగింది కానీ, ముసలి పాము తిరిగినట్టు తిరిగింది. అవతలి పిల్ల నింపాదిగా చూసి వెనక్కి కొట్టింది. రూప తెల్లబోయింది. మళ్ళీ వేసింది. మళ్ళీ వచ్చింది. ఎట్లాగో ఆ ఆట గెలిచింది, ఇంకొకటి గెలిచింది. మూడో ఆట ఎస్తేరు అనే అమ్మాయితో. బయ్యారం పిల్ల, పొడుగు చేతులు. పాము సర్వీసును ఆమె అప్పడం తిప్పినట్టు తిప్పి కొట్టింది. మూడు గేములకు మూడూ పోయాయి.

రూప నా దగ్గరికి వచ్చి కూర్చుంది. నేను వెంటనే నుదుటి మీద చెయ్యి పెట్టాను.

"జరమొచ్చిందా? దవాఖానకు పోదామా?"

"జరం గాదమ్మా. బాల్ వేరే తీరుగున్నది. కొడితే చెయ్యికి వేరే తీరుగ తగులుతున్నది."

"బల్ల కొత్తది గదా, గందుకే గావచ్చు."

"బల్ల గాదమ్మా, బాల్!"

ఆ పక్కనే ఒక బంతి దొర్లుకుంటూ వచ్చి నా కాలికి తగిలింది. తీసి చేతిలో పట్టుకున్నాను. పద్దెనిమిదేళ్ళుగా గాజులు అమ్ముతున్న చెయ్యి నాది. పసిపిల్ల మణికట్టు పట్టుకుంటే చాలు, టేపు లేకుండా సైజు చెప్తాను. ఆ బంతి నా వేళ్ళ మధ్య ఒదగలేదు.

"రూపా, ఇంటి బాల్ తెచ్చినవా?"

కలిసి వస్తుందని ఒకటి జేబులో వేసుకుని వచ్చింది. నేను మూట విప్పి, పసిపిల్లలకు వేసే నల్లగాజు తీశాను. ఒకటి ఎనిమిది సైజు. మా లెక్కలో అంటే ఒక అంగుళం మీద పదహారో వంతులు ఎనిమిది, ఒకటిన్నర అంగుళం. ఇంటి బంతిని అందులో పెట్టాను. అంచులను రాసుకుంటూ అవతలికి జారింది. జనగామ బంతిని పెట్టాను. నడుముకు పట్టి ఆగిపోయింది. దాని పై సైజు, ఒకటి పది గాజు తీశాను. అందులోంచి దిగింది.

"గిది ఒకటి ఎనిమిది. గది ఒకటి పది," అన్నాను. "బిడ్డా, నీ తాత నీకు వేరే సైజు నేర్పిండు."

ఎస్తేరు మంచినీళ్ళు తాగుతూ మమ్మల్నే చూస్తోంది. దగ్గరికి వచ్చి మా బంతిని తీసుకుని, దేవుడి ప్రసాదంలా అరచేతిలో పెట్టుకుంది.

"అబ్బా, ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లది! మా సారు చెప్పిండు గానీ నేనెన్నడు చూడలే. ఆంటీ, గిది రెండువేల సంవత్సరంలనే బందయింది. అప్పటి సంది నలభై. టీవీల జనానికి బాల్ కనవడుతలేదని పెద్దగ చేసిన్రట. పెద్దది గాలిల మెల్లగొస్తది, స్పిన్ తక్కువ తిరుగుతది. మల్ల కొన్నేండ్ల కింద ప్లాస్టిక్‌ది చేసిన్రు. గది ఇంక తక్కువ తిరుగుతది."

"ఎందుకు, పాతది కాలుతదనా?" అన్నాను ఆశగా.

"గదీ ఒక కారణమే ఆంటీ."

చూశావా, నేను చెప్పలేదా అన్నట్టు రూప వైపు చూశాను. రూప నవ్వలేదు.

నాలుగో స్థానంలో గట్టెక్కింది. ఎస్తేరు వెళ్ళిపోతూ తన కిట్‌లోంచి రెండు కొత్త బంతులు తీసి రూప చేతిలో పెట్టింది. "భూపాలపల్లిల మంచిగ ఆడు. లేకుంటే నాకు మజా రాదు" అంది. ఆ రోజు నేను ఒక్క గాజు కూడా అమ్మలేదు.

ఇంటికి వచ్చాక బాపు మంచం ముందు నిలబడి, రెండు బంతులూ నల్లగాజూ పక్కపక్కన పెట్టాను. ఆయన వాటిని ఒక్కొక్కటిగా చూశాడు.

"నీకు ఎర్కేనా బాపూ?"

"ఎర్కే."

"మరి పిల్లకు ఎందుకు జెప్పలే?"

"మల్ల పాతదే తెస్తరనుకున్న."

"ఇరువై ఐదేండ్ల సందా?"

"గవర్నమెంట్ పనులు జర లేటయితయి గద" అన్నాడు తల దించుకుని. దీనికీ గవర్నమెంటుకూ ఏం సంబంధమో నాకు తెలియదు. కానీ ఆ రోజు ఉన్నదంతా చెప్పాడు. కొత్త బంతి వచ్చిన ఏడాది క్లబ్బులో పోటీ జరిగిందట. తానే ఆట నేర్పిన ధర్మా అనే కుర్రాడితో ఫైనల్. పాము సర్వీసు వేస్తే పాము లేదు, తాడు కూడా లేదు. అందరి ముందు ఓడిపోయాడు. 'గిది బంతి గాదు, జామకాయ' అని బ్యాటు బల్ల మీద పెట్టి వచ్చేశాడట. మర్నాడు పోయి తన బ్యాటునూ, మూలన పడేసిన పాత బంతులన్నిటినీ తెచ్చుకున్నాడు. మళ్ళీ ఆ కొత్త బంతిని ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు.

రూప అంతా విన్నది. ఏడుస్తుందేమో, తాతను తిడుతుందేమో అని నేను పరేషాన్ అవుతున్నాను. అది తిన్నగా వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది.

"తాతా, గీ కొత్త బాల్‌తోని నాతోని ఒక్క గేమ్ ఆడుతవా?"

బాపు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పదిహేను రోజులే ఉంది. సురేందర్ సారుకు పరీక్షల పని. మా ఆయన బస్తాలు మోసి వచ్చాక చెయ్యి లేవదు. ఇక మిగిలింది నేను. ఆట నాకేం తెలుసు? బంతి వస్తుంటే ముఖానికి బ్యాటు అడ్డం పెట్టుకునేదాన్ని. అయినా పెద్ద బంతి కదా, నాక్కూడా కనిపించేది. నాలుగింటిలో ఒకటి తగిలేది. బాపు షెడ్డుకు వచ్చేవాడు కానీ, ధాన్యం బస్తా మీద మాకు వీపు పెట్టి కూర్చునేవాడు. ముట్టనని కదా ఒట్టు, చూడను కూడా చూడడట.

మూడు రోజులు నోరు మెదపలేదు. నాలుగో రోజు ఉండబట్టలేకపోయాడు.

"ఎవలా కొట్టుడు? చాటల బియ్యం చెరిగినట్టున్నది!"

"నేనే బాపూ."

"నువ్వైతే చెరుగు. రూపా, నీదేంది? పాత బాల్ 'టక్' అనేది. గిది 'టొక్' అంటున్నది. 'టొక్' అనంగనె కొడుతున్నవు నువ్వు. ఆగు. అది మెల్లగొస్తది. రానియ్యి."

"రానిస్తే లేటయితది తాతా!"

"నీకు గాదు. చిన్న బాల్‌కు అలవాటైన కన్ను నీది. గీ జామకాయ నీకు ఎడ్లబండోలె కనవడాలె. బండి దగ్గరికొచ్చినంక ఎక్కు."

రూప ఆగి కొట్టింది. 'టొక్' చప్పుడు మారింది. గట్టిగా, నిండుగా మోగింది.

"గదీ!" అన్నాడు బాపు, వెనక్కి తిరగకుండానే.

ఇక ఆ రోజు నుంచి ఆయన చెవులతో ఆట నేర్పాడు. వీపు మాకు పెట్టి, బస్తా మీద వేళ్ళతో తాళం వేస్తూ. సర్వీసుతోనే పాయింటు రావాలని చూడొద్దన్నాడు. స్పిన్ చేసే పని ఇప్పుడు భుజమూ నడుమూ చేయాలన్నాడు. ఒక్క దెబ్బకు చావని పామును పది దెబ్బలతో కొట్టాలన్నాడు. అడిగినదానికీ అడగనిదానికీ మాట్లాడాడు. ఒక్క ప్రశ్నకు తప్ప. రూప రోజూ ఆట అయ్యాక, "తాతా, ఒక్క గేమ్?" అనేది. ఆయన తువ్వాలు దులుపుకుని లేచేవాడు.

భూపాలపల్లికి బాపు బయల్దేరాడు. "గని దోస్తులను చూసొస్త. ఆట మాత్రం చూడ" అన్నాడు. నేను యథాప్రకారం బ్యాటు విరిగితే ఎట్లా అని ఆయన బ్యాటును గాజుల మూటలో పెట్టుకున్నాను.

తీరా చూస్తే ఆటలు జరిగేది ఆయన బ్యాటు పెట్టి వచ్చేసిన ఆ క్లబ్బులోనే. గుమ్మం దగ్గర తెల్లజుట్టు మనిషి ఒకడు పిల్లల పేర్లు రాసుకుంటున్నాడు. బాపును చూసి కలం కింద పెట్టి లేచాడు.

"ఆగన్నా!"

ఇతనే ధర్మా అని నాకు చెప్పక్కర్లేకపోయింది. బాపు మెడ పక్కకు తిరగడం చూస్తేనే తెలిసింది. కొట్లాటవుతుందేమో, బాపుకు బీపీ పెరుగుతుందేమో అని నేను మధ్యలోకి పోయాను.

"అన్నా, ఎన్నేండ్లకు!" అన్నాడు ధర్మా. "నిన్ను గెలిచిన సంబురం నాకు ఆర్నెల్లు గూడ లేకపాయె. మరుసటేడు ఊకె ఊకె ఓడిన. గా బాల్‌తోని ఎట్ల ఆడాల్నో అడుగుదామంటే నువ్వు లేవు!"

బాపు మూతి కొంచెం వంకర తిరిగింది. నవ్వో ఏమో తెలియలేదు. లోపలికి మాత్రం రాలేదు. మెట్ల మీద, గుమ్మానికి వీపు పెట్టి కూర్చున్నాడు.

రూప మొదటి ఆట గెలిచింది. రెండోది ఓడింది. మూడోది ఎస్తేరుతో. ఎస్తేరు అప్పటికే రెండూ గెలిచి జట్టులో చేరినట్టే. రూప గెలిస్తే రెండో చోటు రూపది. ఓడితే ఇంకో పిల్లది. ఐదు గేముల ఆట. చెరి రెండు గెలిచి ఐదో దానికి వచ్చారు. నేను చీర కొంగు నోట్లో పెట్టుకున్నాను.

అక్కచెల్లెళ్ళారా, పెద్ద బంతి చేసిన అన్యాయం నాకు అక్కడ తెలిసింది. పాయింటు ఎంతకూ అయిపోదు. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు. ఎనిమిది, తొమ్మిది, పది దెబ్బలు. ఒక్కో దెబ్బకు ఒక్కో భయం పడే సమయం ఉంది. జారిపడితే ఎట్ల, బల్ల మూల కడుపులో గుచ్చుకుంటే ఎట్ల, ఓడితే తిండి మానేస్తే ఎట్ల. నా భయాలన్నీ అయిపోయాయి కానీ పాయింటు అయిపోలేదు. అప్పుడు, ఇంకేం మిగల్లేదు కనుక, నేను ఆట చూశాను.

ఎంత బాగుందో! నా బిడ్డ బంతిని రానిస్తోంది. బండి దగ్గరికి వచ్చేదాకా ఆగుతోంది. నడుము తిప్పి కొడుతోంది. 'టొక్' అని కాదు, గుడిగంట దూరం నుంచి వినబడ్డట్టు నిండుగా. ఎస్తేరు కూడా నవ్వుతూ ఆడుతోంది, మజా వచ్చినట్టుంది. పది తొమ్మిది. రూప సర్వీసు. పాము వేస్తుందనుకున్నాను. మామూలుగా, పొట్టిగా వేసింది. ఎస్తేరు తిప్పింది. మళ్ళీ మొదలైంది. నేను లెక్కపెట్టాను. పదిహేను, పదహారు. ఎందుకో గుమ్మం వైపు చూశాను. బాపు మెట్ల మీద లేడు. గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ముఖం లోపలికి ఉంది. రెండు చేతులతో తలుపు చెక్క పట్టుకుని, రెప్ప వేయకుండా చూస్తున్నాడు.

పంతొమ్మిదో దెబ్బ ఎస్తేరు బ్యాటు అంచుకు తగిలి పైకి లేచి పోయింది.

ఎవరు అరిచారో తెలియదు. తర్వాత ఎస్తేరు చెప్పింది, నేనేనట. మూట చేతిలోంచి జారి గాజులన్నీ నేల మీద పడ్డాయి. నాలుగు డజన్లు పగిలి ఉంటాయి. పగిలితే పగిలాయి.

ఎస్తేరు బల్ల చుట్టూ తిరిగి వచ్చి రూపను ఎత్తుకుంది. ధర్మా ఆ ఆట ఆడిన బంతిని రూపకు ఇచ్చాడు. రూప దాన్ని పట్టుకుని గుమ్మం దగ్గరికి వెళ్ళింది. తాత అరచెయ్యి తీసుకుని అందులో పెట్టింది. ఇరవై ఐదేళ్ళ ఒట్టు ఆ అరచేతిలో తెల్లగా కూర్చుంది. ఆయన చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

"తాతా, అడిగి పదిహేను దినాలాయె. ఒక్క గేమ్ ఆడుతవా?"

ధర్మా కుర్చీలోంచి లేచాడు. బాపు బంతిని వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. చెవి దగ్గర పెట్టి ఊపాడు. గోటితో మీటాడు. మోకాళ్ళ సంగతి ఏంది, జారిపడితే ఎట్ల, బీపీ గోలీ వేసుకున్నాడా లేదా అన్నీ నా నాలుక చివరకు వచ్చాయి. మింగేశాను. వంగి, పగిలిన గాజుల మధ్య నుంచి రబ్బరు లేచిపోయిన ఆయన పాత బ్యాటు తీసి, కొంగుతో తుడిచి, ముందుకు చాపాను.

బాపు బ్యాటు వైపు చూశాడు. నా వైపు చూశాడు. రూప వైపు చూశాడు. బయట రోడ్డు మీద ఒక లారీ పోయింది. ఇంకొకటి పోయింది.

బ్యాటు అందుకుని, చెప్పులు విడిచి, గుమ్మం దాటాడు.

"సర్వీస్ ఎవలది?" అన్నాడు.